ఐస్‌లాండ్ యాత్ర: ఏ కాలంలో వెళ్లాలి, ఏ దిక్కును ఎంచుకోవాలి

ఐస్‌లాండ్ గురించి నన్ను అడిగేవారిలో చాలామంది ఒకే పథకంతో వస్తారు. అయిదు రోజుల సెలవు, ద్వీపం చుట్టూ తిరిగే ఒకటో నంబరు రహదారి మొత్తం, దారిలో కనిపించే జలపాతాలన్నీ, రాత్రయితే ధ్రువకాంతులు, అదృష్టం బాగుంటే పారుతున్న లావా. పటం చూస్తే ఇది కుదిరేలాగే ఉంటుంది. రహదారి పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. దేశం విస్తీర్ణం దాదాపు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త చిన్నది. జనాభా నాలుగు లక్షలకు కొంచెం తక్కువ. అయినా ఆ పథకాన్ని పక్కన పెట్టమనే ప్రతిసారీ చెబుతాను. అంత ఖర్చు పెట్టి, అంత దూరం వెళ్లి, కారు అద్దంలోంచి చూసుకుంటూ దాటిపోవలసిన నేల కాదది.

నేను రెండుసార్లు వెళ్లాను, ఒకసారి ఫిబ్రవరిలో, ఒకసారి జులైలో. రెండు వేర్వేరు దేశాలు చూసివచ్చినట్టే ఉంది. ఫిబ్రవరిలో మంచు మూసేసిన దారులు జులైలో పచ్చగా పరుచుకున్నాయి. జులైలో ఒక్క నక్షత్రమైనా కనిపించని ఆకాశం ఫిబ్రవరిలో పచ్చని తెరలా ఊగింది. అందుకే ఏ ఊళ్లు చూడాలన్న ప్రశ్న తరువాత. ముందు తేల్చుకోవలసింది నెల.

వెలుగు కావాలా, చీకటి కావాలా

రాజధాని రేక్యావిక్ దాదాపు 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో అక్కడ సూర్యుడు అర్ధరాత్రి దాటాక అస్తమించి, మూడు గంటలకు ముందే మళ్లీ వస్తాడు. ఆ మధ్య వేళ కూడా సంధ్య వెలుగే తప్ప చీకటి ఉండదు. డిసెంబరు మూడో వారంలో పగలు మొత్తం నాలుగు గంటలే. ఈ రెండు అంకెలే మిగతా ఎంపికలన్నింటినీ శాసిస్తాయి.

ధ్రువకాంతికి, అంటే అరోరాకు, చీకటి కావాలి. ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకే దానికి అవకాశం. జూన్‌లో టికెట్లు కొన్నాక అరోరా ఎక్కడ బాగా కనిపిస్తుందని అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పడం కష్టమైంది. పఫిన్ పక్షులు మే నెల నుంచి ఆగస్టు మధ్య వరకే తీరపు కొండల మీద ఉంటాయి, ఆ తరువాత సముద్రంలోకి వెళ్లిపోతాయి. కాబట్టి పఫిన్లు, అరోరా ఒకే యాత్రలో కలవవు. హిమానీనదాల కింద ఏర్పడే నీలి మంచు గుహలకు నవంబరు నుంచి మార్చి వరకు కాలం. ద్వీపం నడిబొడ్డున ఉన్న ఎత్తయిన ఎడారి ప్రాంతపు దారులు జూన్ చివరికో, జులైకో తెరుచుకుని సెప్టెంబరుతో మూతపడతాయి.

అరోరా కోసమే వెళ్లేవారికి ఒక మాట. చీకటి, మబ్బులేని ఆకాశం, సూర్యుడి నుంచి వచ్చే కణాల ఉద్ధృతి, ఈ మూడూ ఒకే రాత్రి కలిసిరావాలి. ఐస్‌లాండ్‌లో ఎక్కువగా మోసం చేసేది మబ్బే. ఆ దేశ వాతావరణ శాఖ మబ్బుల పటాన్ని రోజూ ప్రకటిస్తుంది. అరోరా బలాన్ని చెప్పే అంకె కంటే ముందు ఆ పటం చూడండి. మేం ఫిబ్రవరిలో ఆరు రాత్రులు ఉన్నాం, కనిపించింది ఒక్క రాత్రి. బలహీనంగా ఉన్నప్పుడు అది కంటికి తెల్లని పొగతెరలా ఉంటుంది, ఫోను కెమెరాకే పచ్చగా దొరుకుతుంది. బలంగా వచ్చిన రాత్రి మాత్రం దానికి మాటలు చాలవు. మేం రోడ్డు పక్కన గడ్డకట్టిన గాలిలో నిలబడి గంటసేపు తల దించలేదు. మూడు రాత్రులే చేతిలో ఉంటే అరోరాను యాత్రకు లక్ష్యంగా పెట్టుకోవద్దు. వస్తే వచ్చినట్టు.

చలికాలపు పగటి గంటలు కూడా లెక్కలోకి తీసుకోండి. నాలుగైదు గంటల వెలుగులో రెండు చోట్ల కంటే ఎక్కువ చూడలేరు. తుపాను గాలి వస్తే రహదారులనే మూసేస్తారు. మాకు ఒక రోజంతా అతిథిగృహంలోనే గడిచింది.

ఏ నెల అని సూటిగా అడిగితే నా జవాబు ఇది. పిల్లలతోనో, పెద్దవాళ్లతోనో మొదటిసారి వెళ్తుంటే జూన్. ఇద్దరో నలుగురో నడిచే ఓపిక ఉన్నవాళ్లయితే సెప్టెంబరు రెండో సగం. అప్పటికి రాత్రులు చీకటిగా ఉంటాయి, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గర అరోరా చురుగ్గా ఉంటుంది, రోడ్లమీదికి మంచు సాధారణంగా ఇంకా రాదు, ఎండ వాలుగా పడి నాచు మీద బంగారు రంగు పరుస్తుంది. పఫిన్లు, మంచు గుహలు వదులుకోవాలి. ఆ నష్టానికి నేను సిద్ధపడతాను. మంచు గుహ మీదే మనసుంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట మంచివి. పగలు డిసెంబరుకు రెట్టింపు కంటే ఎక్కువగా ఉంటుంది.

బంగారు వలయమా, దక్షిణ తీరమా

రేక్యావిక్ నుంచి ఒక్క రోజులో తిరిగిరాగల చుట్టుదారిని అక్కడ బంగారు వలయం అంటారు. మూడు చోట్లు ముఖ్యం. మొదటిది థింగ్‌వెల్లిర్. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏడాదికి దాదాపు రెండు సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్న చోటు ఇది. ఒక కాలు ఒక ఖండం మీద, ఇంకో కాలు మరో ఖండం మీద పెట్టవచ్చని యాత్రా సంస్థలు ఊరిస్తాయి. నిజానికి అక్కడ ఉన్నది గీత కాదు, నెమ్మదిగా కుంగుతున్న వెడల్పయిన లోయ. ఆ లోయ అంచున నల్లటి రాతిగోడల మధ్య నడుస్తుంటే భూమి విడిపోవడమంటే ఏమిటో పుస్తకం చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది. క్రీ.శ. 930లో ఆ దేశపు తొలి సభ సమావేశమైంది ఆ రాతిగోడల దగ్గరే, ఆరుబయట. యునెస్కో 2004లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

రెండోది గేసిర్ లోయ. వేడినీటి చిమ్ముడు బుగ్గలకు ఇంగ్లిషులో ఉన్న పేరు ఈ ఊరి బుగ్గ నుంచే వచ్చింది. అసలు గేసిర్ ఇప్పుడు చాలా అరుదుగా మాత్రమే చిమ్ముతుంది. దాని పక్కనున్న స్ట్రోక్కుర్ మాత్రం ఆరు నుంచి పది నిమిషాలకొకసారి ఇరవై మీటర్ల ఎత్తుకు లేస్తుంది. చిమ్మబోయే ముందు నీళ్లు నీలిబుడగలా ఉబ్బే ఆ ఒక్క క్షణం కోసం నాలుగైదు సార్లు ఆగి చూడండి. గాలి వాటం ఎటో గమనించి నిలబడాలి, లేకపోతే వేడి తుంపర మీద పడుతుంది. మూడోది గుల్‌ఫాస్, 32 మీటర్ల లోతుకు రెండు మెట్లుగా విరిగిపడే జలపాతం.

బంగారు వలయం సులువు, నడక తక్కువ, రోడ్డు బాగుంటుంది, చలికాలంలోనూ బస్సులు వెళ్తాయి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులతో వెళ్తే ఇదే సరైనది. కానీ ఒకే రోజుంది, ఒకటే చూడాలంటే నేను దక్షిణ తీరాన్నే ఎంచుకుంటాను. ఐస్‌లాండ్ అంటే నా మనసులో మిగిలింది ఆ దారే.

రేక్యావిక్ నుంచి రెండు గంటల లోపే సెల్యలాండ్స్‌ఫాస్ వస్తుంది. అరవై మీటర్ల పైనుంచి నీరు పడుతుంటే దాని వెనక్కి వెళ్లి, నీటితెర అవతల మైదానాన్ని చూడవచ్చు. చలికాలంలో మంచు పేరుకుని ఆ బాట తరచూ మూసి ఉంటుంది. వానకోటు లేకపోతే ఏ కాలంలోనైనా తడిసి ముద్దవుతారు. ఇంకో అరగంట వెళ్తే స్కోగాఫాస్, అంతే ఎత్తు, పాతిక మీటర్ల వెడల్పు, ఒకే ముక్కగా పడే నీరు. ఈ రెండూ పడుతున్న కొండగోడ ఒకప్పటి సముద్రతీరం. సముద్రం ఇప్పుడు కిలోమీటర్ల దూరానికి జరిగిపోయింది, జలపాతాలు పాత గట్టు మీదే ఉండిపోయాయి. ఆ రెండింటి మధ్య తలెత్తితే కనిపించే తెల్లని శిఖరం ఎయాఫ్యల్లాయోకుల్, 2010 ఏప్రిల్‌లో బూడిద చిమ్మి ఐరోపా విమానాలను రోజుల తరబడి నేలమీదే నిలబెట్టిన అగ్నిపర్వతం. దాన్ని వెతుక్కుంటూ ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు.

విక్ అనే ఊరి పక్కన రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం ఉంది. స్తంభాలుగా చీలిన బసాల్టు గోడ, సముద్రంలో నిలబడిన రాతి సూదులు, తెల్లని నురగ, బొగ్గులాంటి ఇసుక. ఆ నల్లరాయి మనకు కొత్తది కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం నేల పగుళ్ల నుంచి ఇలాగే పారిన బసాల్టు లావాయే దక్కను పీఠభూమిలో పెద్ద భాగాన్ని కప్పింది. ఆదిలాబాదు, వికారాబాదు వైపు పత్తి పండే నల్లరేగడి ఆ రాయి శిథిలమై ఏర్పడిన నేలే. రాజమహేంద్రవరం చుట్టుపక్కల కూడా ఆ కాలపు బసాల్టు బయటపడుతుంది. మన దగ్గర కోట్ల ఏళ్ల కిందట ముగిసిన కథ అక్కడ ఇప్పుడు నడుస్తోంది. ఆ ఇసుకను గుప్పిట్లోకి తీసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ జలపాతం దగ్గరా కలగలేదు.

అయితే ఆ తీరంలో ప్రాణాలు పోయాయి, ఒక్కసారి కాదు. చిన్న అలలు పది వచ్చాక పదకొండోది ఎవరూ ఊహించనంత పైకి దూసుకొచ్చి మనిషిని లాగేస్తుంది. హెచ్చరిక దీపాలు పెట్టారు. ఎర్రదీపం ఉంటే ఇసుక మీదికి దిగవద్దు. దీపం ఏ రంగులో ఉన్నా సముద్రానికి వీపు పెట్టి ఫోటో తీసుకోవద్దు. పిల్లల చేయి వదలవద్దు. దీన్ని నేను బతిమాలి చెబుతున్నాను.

బస్సు యాత్రలు చాలావరకు విక్ దగ్గర వెనక్కి తిరుగుతాయి. వెనుదిరగకుండా ముందుకెళ్లడానికే నేను ఇంకో రెండు రోజులు అడుగుతాను. విక్ దాటాక నాచు కప్పిన లావా మైదానం మొదలవుతుంది. అది 1783లో లాకి పగులు తెరుచుకుని ఎనిమిది నెలలు కక్కిన లావా. దాంతో వెలువడిన విషవాయువులకు పశువులు చచ్చి, కరువు వచ్చి, దేశ జనాభాలో దాదాపు అయిదోవంతు మంది ప్రాణాలు కోల్పోయారు. ఇప్పుడది మెత్తని పరుపులా ఉంటుంది. అడుగు పెట్టవద్దు, ఒక్క పాదముద్ర మానడానికి ఆ నాచుకు దశాబ్దాలు పడుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే రోడ్డు పక్కన మెలితిరిగిన ఇనుప దూలాలు కనిపిస్తాయి. 1996లో వత్నాయోకుల్ హిమానీనదం కింద అగ్నిపర్వతం బద్దలై, కరిగిన నీరంతా ఒక్కసారిగా వెలువడి కొట్టుకుపోయిన వంతెన మిగులు అది. నిప్పు, మంచు ఒకేచోట ఉంటే ఏమవుతుందో ఆ రెండు దూలాలు చెప్పినంత బాగా మరేదీ చెప్పదు.

దారి చివర, రేక్యావిక్‌కు దాదాపు 370 కిలోమీటర్ల దూరంలో యోకుల్సార్లోన్. హిమానీనదం నుంచి విరిగిన మంచుకొండలు సరస్సులో తేలుతూ, నెమ్మదిగా సముద్రం వైపు కదులుతుంటాయి. అక్కడ 1930లకు ముందు సరస్సే లేదు. మంచు వెనక్కి తగ్గిన కొద్దీ ఏర్పడింది, ఇంకా పెరుగుతోంది. సముద్రంలోకి వెళ్లిన ముక్కలు ఎదుటి నల్ల ఇసుక మీదికి కొట్టుకొచ్చి గాజు దిమ్మెల్లా మెరుస్తాయి. దీన్ని రాజధాని నుంచి ఒకే రోజులో చూపిస్తామనే బస్సులున్నాయి. పద్నాలుగు గంటల ప్రయాణం అది. వద్దు. విక్ పరిసరాల్లో ఒక రాత్రి, సరస్సు సమీపంలో ఒక రాత్రి ఉండండి. సాయంత్రం జనం వెళ్లిపోయాక మంచుముక్కలు ఒకదానికొకటి ఒరుసుకునే చప్పుడు వినిపిస్తుంది.

ఉత్తరం ఎవరికి, పడమర ఎవరికి

ఉత్తరాన మీవాత్న్ సరస్సు చుట్టూ ఉన్నంత అగ్నిపర్వత వైవిధ్యం దేశంలో మరెక్కడా ఇంత దగ్గర దగ్గరగా లేదు. హ్వెరిర్ దగ్గర నేల పసుపు, ఎరుపు రంగుల్లో ఉడుకుతూ బురద కుతకుతలాడుతుంది, గంధకపు వాసన బట్టలకు పడుతుంది. పక్కనే క్రాఫ్లా, 1975 నుంచి 1984 వరకు పలుమార్లు బద్దలైన చోటు. ఆ లావా మీది బాటలో నడుస్తుంటే కొన్నిచోట్ల ఇప్పటికీ ఆవిరి వస్తుంటుంది. చంద్రుడి మీదికి వెళ్లబోయే అపోలో వ్యోమగాములకు 1960లలో ఈ ప్రాంతానికి దక్షిణంగా ఉన్న ఆస్క్యా దగ్గర భూవిజ్ఞాన శిక్షణ ఇచ్చారు.

జలపాతాల్లో డెట్టిఫాస్‌ది వేరే స్వభావం. గుల్‌ఫాస్ అందంగా ఉంటుంది, స్కోగాఫాస్ గంభీరంగా ఉంటుంది. డెట్టిఫాస్ భయపెడుతుంది. వంద మీటర్ల వెడల్పు, సుమారు 44 మీటర్ల ఎత్తు, బూడిదరంగు హిమనదీ జలం, కాళ్లకింద రాయి వణుకు. మూడింటిలో ఒక్కటే అంటే నేను దీన్నే చెబుతాను. గోదాఫాస్ ఎత్తు పన్నెండు మీటర్లే అయినా దాని పేరుకు అర్థం దేవతల జలపాతం. దేశం క్రైస్తవాన్ని స్వీకరించిన క్రీ.శ. 1000 ప్రాంతంలో పాత దేవతల విగ్రహాలను ఇందులో విసిరేశారని కథ. తిమింగలాలు చూడాలంటే రేక్యావిక్ రేవు కంటే ఉత్తరాన ఉన్న హూసవిక్ మేలు.

మరి ఉత్తరాన్ని ముందే ఎందుకు చెప్పలేదంటే, దూరం. రేక్యావిక్ నుంచి ఉత్తరపు పట్టణం అకురేరికి 388 కిలోమీటర్లు. విమానంలో ముప్పావుగంట. ఎనిమిది రోజులకు తగ్గకుండా ఉంటేనే దక్షిణంతో పాటు ఉత్తరం కలపండి. పది రోజులుంటే అప్పుడు ద్వీపం చుట్టూ ఉన్న ఒకటో నంబరు రహదారి మొత్తం తిరగవచ్చు, అదీ వేసవిలోనే. మీవాత్న్ అంటే చిన్న ఈగల సరస్సు. కుట్టనివే ఎక్కువైనా, జూన్, జులైలలో అవి మేఘంలా ముఖం చుట్టూ ముసురుతాయి. ముఖానికి వల తీసుకెళ్లాలి.

పడమర వైపు స్నైఫెల్స్‌నెస్ ద్వీపకల్పం రెండు రోజుల సమయం, గుంపులంటే విముఖత ఉన్నవారికి నచ్చుతుంది. చివరన 1,446 మీటర్ల ఎత్తున హిమానీనదం మోస్తున్న అగ్నిపర్వతం, సముద్రపక్షులు గూళ్లు కట్టిన నల్లని తీరపు కొండలు, 463 మీటర్ల కిర్క్యుఫెల్ శిఖరం. బంగారు వలయం బస్సుల రద్దీలో విసిగిపోతామనుకుంటే ఇది మంచి ప్రత్యామ్నాయం. వాయవ్య మూలనున్న పశ్చిమ ఫ్యోర్డ్‌లు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), నడిదేశపు ఎత్తుప్రాంతాలు రెండోసారి వెళ్లేవారికి వదిలేయమంటాను. లాండ్‌మన్నలోయిగర్ రంగురాళ్ల కొండలు అంతగా పిలుస్తుంటే జులై, ఆగస్టుల్లో పెద్ద చక్రాల బస్సులు రేక్యావిక్ నుంచి వెళ్తాయి. వాగుల్లో సొంతంగా కారు దింపవద్దు. ఆ దారులకు నాలుగు చక్రాలూ తిప్పే బండి చట్టప్రకారం తప్పనిసరి, నీటిలో చెడితే బీమా వర్తించదు.

అగ్నిపర్వతాన్ని ఎక్కడ చూడాలి

విమానాశ్రయం ఉన్న రేక్యానెస్ ద్వీపకల్పం దాదాపు ఎనిమిది వందల ఏళ్ల నిశ్శబ్దం తరువాత 2021 మార్చిలో మళ్లీ మేల్కొంది. ఆ ఏడాది ఫాగ్రడాల్స్‌ఫ్యాల్ దగ్గర జనం కొండలెక్కి లావాను చూశారు. ఆ దృశ్యాలు ప్రపంచమంతా తిరిగాయి, అదే దొరుకుతుందన్న ఆశతో ఇప్పటికీ టికెట్లు కొంటున్నారు. 2023 నవంబరు 10న గ్రిండవిక్ ఊరును ఖాళీ చేయించారు. ఆ డిసెంబరు నుంచి ఊరి పక్కన నేల పదేపదే పగిలింది, 2024 జనవరిలో లావా కొన్ని ఇళ్లను కాల్చింది. వేలమంది ఇల్లూ వాకిలీ వదిలిన చోటు అది. పారే లావా కోసం యాత్రను ముడిపెట్టుకోవద్దనడానికి కారణాలు రెండు. అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. కొన్నిసార్లు ఒకటి రెండు రోజులే. పైగా దగ్గరికి పోనిస్తారన్న హామీ లేదు, విషవాయువు గాలివాటాన్ని బట్టి మారుతుంది.

ఎప్పుడు వెళ్లినా అగ్నిపర్వతాన్ని కళ్లారా చూడగల చోట్లున్నాయి. రేక్యావిక్ సమీపంలోని థ్రీహ్నూకగీగుర్‌లో వేసవిలో 120 మీటర్ల లోతుకు, ఒకప్పుడు శిలాద్రవం నిలిచిన గదిలోకి దించుతారు. అద్భుతమే, ఖరీదు కూడా అలాగే ఉంటుంది. నా ఓటు మాత్రం హేమాయ్ ద్వీపానికి. 1973 జనవరి 23న అర్ధరాత్రి దాటాక ఊరి అంచునే నేల చీలి లావా లేచింది. ముందురోజు గాలివాన వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉండటంతో అయిదు వేలమందికి పైగా ప్రజలు తెల్లవారేసరికి ప్రధాన భూమికి చేరుకున్నారు. వెనుక ఉండిపోయినవాళ్లు రేవును మూసేయబోతున్న లావా మీద సముద్రపు నీటిని నెలల తరబడి పంపులతో కొట్టి చల్లార్చారు. రేవు దక్కింది. ఊరు తిరిగి నిలబడింది. అప్పుడు పుట్టిన ఎల్డ్‌ఫెల్ కొండను ఇప్పుడు అరగంటలో ఎక్కవచ్చు. బూడిదలోంచి తవ్వితీసిన ఒక ఇంటి చుట్టూ కట్టిన ప్రదర్శనశాల కింద ఉంది. దక్షిణ తీరం నుంచి ఓడలో నలభై నిమిషాలు. వేసవిలో వెళ్తే అక్కడి కొండల మీద పఫిన్లు కూడా. ఒక్క రోజులో ఇన్ని ఇచ్చే చోటు నాకు మరొకటి తెలియదు.

చిన్న ఎంపికలు

మంచు గుహ, మంచు మీద నడక, ఈ రెండింటిలో ఏది? చలికాలమైతే గుహ, మిగతా కాలంలో నడక. వేసవిలో గుహ చూపిస్తామంటే ఆలోచించండి; 2024 ఆగస్టులో బ్రేడామెర్కుర్ హిమానీనదం దగ్గర గుహ మంచు కూలి ఒక పర్యాటకుడు మరణించాడు. నడకకు సోల్‌హేమాయోకుల్ గానీ స్కాఫ్టఫెల్ గానీ వెళ్లవచ్చు, బూట్ల ముళ్లు వాళ్లే ఇస్తారు. మార్గదర్శి లేకుండా మంచు మీదికి ఎక్కడం ప్రాణాలతో చెలగాటం.

బ్లూ లగూన్ గురించి అందరూ అడుగుతారు. ఆ పాలనీలం నీరు స్వార్ట్‌సెంగి భూతాప విద్యుత్ కేంద్రం వాడి వదిలినది, సహజ సరస్సు కాదు. హాయిగానే ఉంటుంది, ముందే రిజర్వు చేసుకోవాలి, లావా వచ్చినప్పుడు మూసేస్తారు. ఆ డబ్బుతో కుటుంబమంతా ఏ చిన్న ఊరి ఈతకొలనుకైనా పలుమార్లు వెళ్లవచ్చు. ప్రతి ఊళ్లోనూ భూగర్భపు వేడినీటితో ఆరుబయట తొట్లు ఉంటాయి, ఊరివాళ్లు సాయంత్రం అక్కడే కబుర్లు చెప్పుకుంటారు. నీళ్లలో దిగేముందు బట్టలు లేకుండా సబ్బుతో స్నానం చేయాలన్నది అక్కడి కచ్చితమైన నియమం. ఆడవారికి, మగవారికి గదులు వేరు. మనకు మొదట ఇబ్బందిగానే ఉంటుంది, తెరలున్న గదులు కూడా చాలాచోట్ల ఉంటాయి.

కారా, బస్సా అంటే, వేసవిలో కారు. చలికాలంలో మంచు మీద నడిపిన అనుభవం లేకపోతే బస్సు. ఇందులో మొహమాటం పనికిరాదు. కుడివైపు నడపాలి, తారురోడ్డు మీద గరిష్ఠ వేగం 90, కంకర మీద 80, దీపాలు పగలూ రాత్రీ వెలగాలి, ఒక వరుస వంతెనల దగ్గర ముందు చేరినవారికి దారి వదలాలి. రోడ్డు దిగి నేల మీద నడపడం నేరం. జులైలో మా కారు తలుపును గాలి ఒక్క ఊపున వెనక్కి విరిచింది. గాలికి విరిగిన తలుపు బీమా కిందికి రాదని అద్దెకిచ్చినవాళ్లు చెప్పాక గానీ మాకు తెలియలేదు. కారు ఎప్పుడూ గాలికి ఎదురుగా నిలపండి, తలుపును రెండు చేతులతో పట్టుకుని తెరవండి. బయలుదేరేముందు రోజూ రోడ్ల స్థితిని, వాతావరణ హెచ్చరికను చూడండి. ఆపద వస్తే నంబరు 112.

శాకాహారులకు రాజధాని బయట కష్టమే. వంటగది ఉన్న బస ఎంచుకుని, బియ్యం, పప్పు, పొడులు వెంట తీసుకెళ్తే ఖర్చు కూడా సగానికి వస్తుంది. స్కైర్ అనే చిక్కటి పాల పదార్థం పెరుగన్నానికి బాగా కుదురుతుంది. చల్లని కుళాయి నీరు నేరుగా తాగవచ్చు; వేడినీటికి గంధకపు వాసన ఉంటుంది, అది స్నానానికే.

రోజులను బట్టి నా సలహా

భారత్ నుంచి నేరుగా విమానం లేదు, ఐరోపాలో ఎక్కడో మారాలి. షెంగెన్ వీసా కావాలి. వేసవి యాత్రకు వీసా అపాయింట్‌మెంట్లు ముందే నిండిపోతాయి కాబట్టి నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు దగ్గర దారి ఉంది. ఐరోపాకు వెళ్లేటప్పుడు ఐస్‌లాండ్‌ఎయిర్ విమానంలో మధ్యలో దిగి, టికెట్ ధర పెరగకుండా ఏడు రోజుల వరకు ఆగవచ్చు. భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి మాత్రం షెంగెన్ వీసా విడిగా ఉండాలి.

మూడు రోజులే ఆగేవారు ఒక రోజు బంగారు వలయం, ఒక రోజు విక్ వరకు దక్షిణ తీరం, మూడో రోజు రాజధాని, ఈతకొలను. అయిదారు రోజులుంటే ఉత్తరం ఊసే వద్దు. తొలి రోజు బంగారు వలయం, తరువాత యోకుల్సార్లోన్ వరకు నిదానంగా వెళ్లి అదే దారిన వెనక్కి రండి. తిరుగుదారిలో వేసవి అయితే హేమాయ్ కలపండి. అదే దారిని రెండుసార్లు చూడటం నష్టమని అనుకోవద్దు. వెళ్లేటప్పుడు వానలో మునిగిన కొండ వచ్చేటప్పుడు ఎండలో కనిపిస్తుంది. ఎనిమిది రోజులుంటే దక్షిణానికి అయిదు, అకురేరికి విమానంలో వెళ్లి మీవాత్న్, డెట్టిఫాస్, హూసవిక్‌లకు మూడు. పది పన్నెండు రోజులుంటే ద్వీపం చుట్టూ ఉన్న రహదారి మొత్తం.

ఏ పథకమైనా ఒక రోజును ఖాళీగా ఉంచి, రెండు రాత్రుల బసను ఉచితంగా రద్దు చేసుకునే షరతుతో తీసుకోండి. ఉదయం లేచి మబ్బు ఎటుందో చూసి, లేని వైపు బండి తిప్పడానికి అది పనికొస్తుంది. మా జులై యాత్రలో తూర్పున ఎండ ఉందని తెలిసి అలా మరోసారి సరస్సు దగ్గరికి వెళ్లాం. రాత్రి పదకొండు గంటలకు మంచుకొండల మీద ఇంకా గులాబీ రంగు ఎండ ఉంది, ఒడ్డున మేం నలుగురమే ఉన్నాం.